గేటుకి అడ్డంగా

పరుపులాయన వ్యాను ఆ రోజు కూడా గేటుకి అడ్డంగానే ఉంది. పూర్తిగా అడ్డమైతే బాగుండేది, వీధిలోకి వచ్చి నాలుగు దులిపేయొచ్చు. అలా కాదు. వ్యాను వెనక భాగం మాత్రం గేటు ముందుకి మూరెడు మేర పొడుచుకుని వచ్చి ఉంటుంది. చెయ్యి తిరిగిన డ్రైవరైతే పక్కనుంచి కారు తీసుకుపోతాడు. ఆవిడకి చెయ్యి ఇంకా తిరగలేదు.

ఆవిడ కిటికీలకి పరదాలు కుట్టే మనిషి. కుట్టు మిషను మీద గుడ్డ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కారుకి ఆ పాటి మర్యాద లేదు. ఇంట్లో డ్రైవరుండగా తను నేర్చుకోవాల్సి వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. భర్త చిన్నతనంలో లారీ క్లీనరు, తర్వాత బతుకంతా లారీ డ్రైవరు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, దాంతోపాటు మాటా పోయింది. కాలు కర్ర సాయంతో మళ్లీ దారిలో పడింది. మాట మాత్రం ఎక్కడో ఆగిపోయింది.

వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి ఆయన్ని తీసుకెళ్లాలి. ఆ అమ్మాయి మంచిదే గానీ గడియారం దగ్గర మాత్రం నిక్కచ్చి. పోయినసారి నెమ్మదిగానే చెప్పింది. ఇంకోసారి ఆలస్యమైతే ఈ వేళ వేరేవాళ్లకి ఇచ్చేయక తప్పదు, బయట చాలామంది ఎదురుచూస్తున్నారు, మాట తిరిగి రావాలంటే ఇవే ముఖ్యమైన నెలలు అని. ఆ చివరి ముక్క ఆవిడకి రాత్రింబవళ్లు చెవిలో మోగుతూనే ఉంది.

ఆ సంగతి పరుపులాయనకేం తెలుసు? పక్కింట్లోకి కొత్తగా దిగాడు. దుకాణాల నుంచి పరుపులు ఇళ్లకి చేరవేయడం ఆయన పని. తన గేటు ముందు మాత్రం ఈగ వాలనివ్వడు. అడిగినప్పుడల్లా "ఒక్క నిమిషం అక్కా" అంటాడు. ఆ నిమిషం సాగినంత సాగుతుంది, ఆయన చేరవేసే పరుపుల్లో కూడా అంత సాగే సరుకు ఉండదు. ఈవిడ మొదట మెత్తగా చెప్పింది, తర్వాత గట్టిగా చెప్పింది, ఆ తర్వాత చెప్పడం మానేసి ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టింది. ఎక్కడికి వెళ్తున్నామో, ఎందుకు తొందరో మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. మొగుడికి మాట పడిపోయిందని వీధిలో చెప్పుకోవడం ఆవిడకి ఇష్టం లేదు.

అంతకన్నా ఎవరికీ చెప్పుకోలేని బాధ ఇంకొకటుంది. ఇన్ని నెలల్లో ఆయన నోట వచ్చింది ఒకే ఒక్క ముక్క. అది కూడా ఆ గేటు దగ్గరే వస్తుంది. ఆవిడ అద్దంలోకి చూసుకుంటూ, ముందుకీ వెనక్కీ ఆపసోపాలు పడుతుంటే పక్కసీట్లోంచి "నీ... నీ..." అంటాడు. ఎడమచెయ్యి పైకెత్తి వేళ్లు ఆడిస్తాడు. ముఖం ఎర్రబడుతుంది. ఆవిడకది అర్థం కాకపోవడానికేముంది? నీ వల్లే. నీ చేతగానితనమే. నువ్వూ నీ డ్రైవింగూ. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కనాడూ ఎత్తిపొడవని మనిషికి తిరిగొచ్చిన మొదటి మాటే ఎత్తిపొడుపయింది. టీచరమ్మ అడిగితే ఇంట్లో ఏమీ పలకడం లేదనే చెప్పింది. ఆ ముక్క చెప్పాలంటే దాని అర్థం కూడా చెప్పాలి కదా.

ఆ రోజు ఆవిడ పక్కింటి తలుపు కొట్టింది. పరుపులాయన భార్య వచ్చి ఆయన స్నానంలో ఉన్నారని, తాళం ఎక్కడ పెట్టారో తనకి తెలియదని చెప్పింది. ఈవిడ వెనక్కి వచ్చేసింది. కారు తలుపు తీసి భర్తని ఎక్కమంది.

ఆయన ఎక్కలేదు. కర్ర పొడుచుకుంటూ గేటు స్తంభం దాకా నడిచాడు. ఆవిడ పిలిచింది, బతిమాలింది, చివరికి విసుక్కుంది. ఆయన కుడి భుజం స్తంభానికి ఆనించి, కర్రని గోడకి చేరేసి, ఎడమచెయ్యి ఖాళీ చేసుకున్నాడు. ఆవిడకేసి చూసి గడ్డంతో సీటు చూపించాడు.

ఇక చేసేదేం లేక ఆవిడ ఎక్కి కూర్చుంది. బండి వెనక్కి కదిలిందో లేదో బయటినుంచి మొదలయింది.

"నీ... నీ..."

"నా తప్పేనండీ. అంతా నా తప్పే, సరేనా? ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అంది ఆవిడ, తల తిప్పకుండానే.

జవాబుగా మళ్లీ "నీ" వచ్చింది. ఆవిడ పక్క అద్దంలోకి చూసింది. ఆయన కనిపించలేదు, చెయ్యి ఒక్కటే కనిపించింది. నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి, లోపలికి మడుస్తూ, తెరుస్తూ, మళ్లీ మడుస్తూ. అలాంటి చేతిని ఆవిడ ఇంతకు ముందు అద్దంలో చూసింది. కొత్తగా పెళ్లయిన రోజుల్లో లారీ క్యాబిన్‌లో ఆయన పక్కన కూర్చుని చూసింది. వెనక నిలబడి క్లీనరు కుర్రాడు చెయ్యి ఆడించేవాడు, ఆ చెయ్యిని నమ్మి ఈయన అంత లారీనీ ఇరుకు సందుల్లోకి వెనక్కి తీసుకెళ్లేవాడు. కుర్రాడు గొంతు చించుకుని ఒకటే మాట అరిచేవాడు. క్లీనరుగా ఉన్న రోజుల్లో ఈయన అరిచిందీ అదే. ఆవిడ బ్రేకు మీద కాలేసింది.

"రానీ అంటున్నారా?"

చెయ్యి గాల్లో ఆగింది. తర్వాత, బరువు మోస్తున్న మనిషి ఊపిరి తీసుకున్నట్టు ఓ చప్పుడు. దాని వెనకే మాట.

"రా... నీ."

ఆవిడకి కళ్లల్లో నీళ్లు నిండిపోయి అద్దం మసకబారింది. చెంగుతో తుడుచుకుంది. అద్దాన్ని కాదు, కళ్లని.

"రానీ... రానీ..." అంటున్నాడాయన, ఇప్పుడు ఆగకుండా. నోటికి దారి దొరికింది. ఆవిడ చెయ్యిని మాత్రమే చూసింది, వ్యాను వంక చూడటం మానేసింది. వేళ్లు ఎడమకి వాలితే స్టీరింగు అటు తిప్పింది. వ్యాను పక్కనుంచి అరచేయి మందం సందుతో కారు జారుకుంటూ వెళ్లింది. అరచేయి నిటారుగా లేచింది.

"ఆపు."

ఎంత స్పష్టంగా అన్నాడంటే, అప్పుడే తల తడిగా, తాళంచెవి పట్టుకుని పరిగెత్తుకొస్తున్న పరుపులాయన కూడా ఉన్నచోటే ఆగిపోయాడు.

ఆవిడ దిగి భర్త దగ్గరికి వెళ్లింది. నీ వల్లే అంటున్నారనుకున్నానండీ అని చెబుతూ నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలియదు. ఆయన తెల్లబోయి చూశాడు. తర్వాత నోరు ఒక పక్కకి వంకర పోయేలా నవ్వాడు.

పరుపులాయనకి ఏమీ బోధపడలేదు. ఆవిడ చెప్పింది. పక్షవాతం, మాట, ఆస్పత్రి, టీచరమ్మ, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా గేటు దగ్గరే నిలబడి చెప్పేసింది. వినేసరికి ఆ మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆస్పత్రి దాకా వ్యానులో దారి చేస్తూ వెళ్తానన్నాడు. అక్కర్లేదు, ఇక ముందు బండి తీసి పెడితే చాలంది.

వేళకే చేరారు. టీచరమ్మ తలుపు మూయబోతుంటే ఆయన కర్రతో ఆపి "రానీ" అన్నాడు. ఆ అమ్మాయి సంగతంతా విన్నాక చెప్పింది. అలవాటుగా ఏళ్ల తరబడి అరిచిన మాటలు ఒక్కోసారి అన్నిటికన్నా ముందు తిరిగొస్తాయట, వాటినే పట్టుకుని రోజూ అనిపించాలట. అయితే లారీ కావాలన్నమాట అంది ఆవిడ.

లారీ దొరకలేదు గానీ వ్యాను దొరికింది. ఆ మర్నాటి నుంచి పరుపులాయన వ్యాను తన గేటు లోపలే ఉంటోంది. ఉదయాన్నే వెనక్కి తీసేముందు హారను కొడతాడు. ఈయన కర్ర పొడుచుకుంటూ వెళ్లి స్తంభానికి ఆనుకుంటాడు. రానీ, ఆపు, ఎడమ, ఇంకా. రోజూ నడిపే బండికి అంత దారి చూపించడం అవసరమా అని వీధిలోవాళ్లు నవ్వుకుంటే నవ్వుకున్నారు. పరుపులాయన కావాలనే ఓసారి తప్పు తిప్పి తిట్టు కూడా సంపాదించాడు. లారీ డ్రైవర్లు తిట్టే తిట్టు, అక్షరం పొల్లు పోలేదు. ఆవిడ వంటింట్లోంచి విని మురిసిపోయింది.

ఓ ఉదయం వ్యాను బయటికి వచ్చాక పరుపులాయన ఇంజను ఆపేసి కిందికి దిగాడు. ఆవిడ గేటు దగ్గర ఉంది.

"బావగారూ, ఒక మాట చెప్పాలి. కొత్తగా వచ్చినప్పుడు రోజూ మీకు నమస్కారం పెట్టేవాణ్ని. మీరు పలికేవారు కాదు. పొగరనుకున్నాను. ఆ బండి అక్కడ తెలియక పెట్టలేదు, కావాలనే పెట్టాను."

ఆవిడకి ఒంటికి కారం రాసుకున్నట్టయింది. నాలుగు దులిపేయబోయి, భర్త వంక చూసి ఆగింది. వీధిలో దాచిపెట్టింది తనే. నీ అనే ముక్కకి తను చెప్పుకున్న అర్థమూ గుర్తొచ్చింది.

ఆయన పరుపులాయన ముఖంలోకి చూశాడు. పెదవులు కూడదీసుకున్నాడు. ఇంతవరకు అనని మాట అది.

"పో... నీ."

బండి పోనీయమన్నాడా, జరిగిందేదో పోనీ అన్నాడా? పరుపులాయనకి తెలియలేదు. ఏం చెయ్యమంటారన్నట్టు ఆవిడ వంక చూశాడు.

"రెండూనూ తమ్ముడూ, ఎక్కు," అంది ఆవిడ.