లక్కునాయుడి నుదుటి మీద

నేను ఒక ఫ్లెక్సీని. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ‘ఓస్, ఫ్లెక్సీయేనా’ అని మూతి విరవకండి. మీ పుట్టినరోజుకీ, మీ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కీ, ఆఖరికి మీ దినానికీ నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి దుమ్ము తినేది మేమే. మీ నవ్వులు మోసీ మోసీ మా వాళ్ళ నడుములు పడిపోయాయి. నాకైతే నవ్వు కూడా రాసిపెట్టి లేదు. నేను అశ్రునివాళి ఫ్లెక్సీని.

నన్ను కన్నది గాజువాకలో ఒక ప్రింటింగు షాపు. అక్కడి ఆటో స్టాండు పెట్టిన సింహాద్రి గారు కాలం చేశారు. ఆయన దిగిపోయాక పదేళ్ళుగా ఆటో యూనియన్‌కి ప్రెసిడెంటుగా ఉన్న లక్కునాయుడు గారు షాపుకి ఫోన్ చేసి నన్ను కొట్టమన్నాడు. పోయినాయన ఫోటో, తన ఫోటో వాట్సాప్‌లో పంపాడు. తనది మాత్రం ఇరవయ్యేళ్ళ నాటిది ఏరి పంపాడు, అందులో జుట్టు ఒత్తుగా ఉంటుంది మరి. అంతటితో ఊరుకుంటే పోయేది. “సూడు బాబూ, నా ఫోటో పెద్దదుండాల. కూడలికి అవతలున్నోడిక్కూడా కనబడాల” అని మళ్ళీ ఫోన్ చేశాడు.

మాలో ఒక ధర్మం ఉంది. చచ్చినవాడు ఎవడైనా సరే, ఫ్లెక్సీ కట్టించినవాడి మొహమే పెద్దది. షాపులో డిజైనర్ కొత్తగా చేరాడు, పాపం ఆ ధర్మం ఎరగడు. పెద్ద ఫోటో ఎవరిదైతే పోయింది వాళ్ళేనని అనుకున్నాడు. లక్కునాయుడిని నట్టనడుమ గుండ్రంలో పెట్టి, గులాబీల దండ వేసి, అటూ ఇటూ దీపాలు వెలిగించి, నుదుటన రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, కింద ‘లక్కునాయుడు గారికి అశ్రునివాళి’ అని రాసేశాడు. నిజంగా పోయిన సింహాద్రి గారేమో అడుగున మూల, చేతులు జోడించి, ‘శోకతప్త హృదయంతో’ అంటూ నిలబడ్డాడు. చచ్చి కూడా ఇంకొకడికి నివాళి అర్పించాల్సి వచ్చింది ఆయనకి.

పొద్దున్నే ఆరింటికి నన్ను కూడలిలో కట్టేశారు. ఎనిమిదింటికల్లా జనం పోగయ్యారు. ఎవరో వాట్సాప్‌లో పెట్టిన నా ఫోటో చూసి, లక్కునాయుడి వియ్యాలవారు అనకాపల్లి నుంచి వ్యాన్ కట్టించుకుని శోకాలు పెడుతూ దిగారు. లక్కునాయుడు అప్పుడే స్టాండుకొచ్చి, నా కిందే నిలబడి టీ తాగుతున్నాడు. వాళ్ళు ఆయన్ని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ఆయన్ని చూశారు. “బతికే ఉన్నాడా” అని వాళ్ళలో ఒకావిడ అన్న తీరులో సంతోషం కంటే, పనిలేని ప్రయాణం చేశామన్న విసుగే ఎక్కువ వినబడింది. దండలు పట్టుకొచ్చినవాళ్ళు వాటినేం చేయాలో తెలీక ఆటో అద్దాలకి తగిలించి వెళ్ళిపోయారు. చావు తప్పి కన్ను లొట్టపోవడం అంటే ఏమిటో ఆ పూట లక్కునాయుడి మొహంలో చూశాను.

“ఒరే పైడిరాజూ, దీన్ని తీసుకుపోయి తగలెట్టీ” అన్నాడాయన. పైడిరాజు ఆ స్టాండులోనే ఆటో నడుపుతాడు. అగ్గిపుల్ల గీశాడు గానీ చెయ్యి రాలేదు. బతికున్న మనిషి మొహానికి నిప్పు పెట్టడమా? “కొరివి పెట్టడానికి నేనేమన్నా ఆయన కొడుకునా?” అని గొణుక్కుని, నన్ను మడిచి యూనియన్ షెడ్డులో పాత టైర్ల వెనక పడేశాడు. “చచ్చాడని కబురు పుడితే ఆయుష్షు పెరుగుతాదంటారు, పోన్లే” అని కూడా అన్నాడు. అలా మనుషుల భయం వల్ల నేను బతికిపోయాను.

ఇక నన్ను ఉద్ధరించింది పైడిరాజు కూతురు నూకరత్నం. పంతొమ్మిదేళ్ళ పిల్ల, బట్టల కంపెనీలో మిషను కుడుతుంది. ఆదివారం మధ్యాహ్నం అందరూ కోడికూర తిని నిద్రపోయే వేళ, ఇంకో ముగ్గుర్ని వెంటేసుకుని షెడ్డుకి వచ్చేది. వాళ్ళ జట్టు పేరు గాజువాక గింగిరాలు. వాళ్ళు ఆడేది బ్రేక్‌డాన్స్.

నాకూ మొదట అర్థం కాలేదు. దెయ్యం పట్టిందేమో, వేపమండలు తెస్తారేమో అనుకున్నాను. వాళ్ళ కబుర్లు విని విని మెల్లగా తెలుసుకున్నాను. ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేదవాడలో పుట్టిందట ఈ ఆట. పాటలు తిప్పేవాడు ఒకడు, మైకులో మాటలు విసిరేవాడు ఒకడు, గోడల మీద రంగులతో పేర్లు రాసేవాడు ఒకడు, నేల మీద తిరిగేవాడు ఒకడు. ఈ నలుగురి సంసారం పేరు హిప్‌హాప్. మైకు పట్టుకుని వాగడం, కనబడ్డ గోడకల్లా పేరు రాసుకోవడం మన నాయకులు ఎప్పట్నుంచో చేస్తున్నదే కదా, ఇందులో వింతేముంది అనుకున్నాను. వింతేమిటంటే ఇందులో తగాదాలు కూడా ఆటతోనే తీర్చుకుంటారు. ఎదుటివాడిని ముట్టుకోకూడదు. నువ్వు తిరిగి చూపించు, నేను నీకంటే బాగా తిరిగి చూపిస్తా, అంతే. మన యూనియన్ ఎన్నికలకి ఈ పద్ధతి పెడితే ఎన్ని తలకాయలు మిగిలేవో.

అక్కడ డబ్బులేనివాళ్ళు అట్టపెట్టెలు విప్పి నేల మీద పరుచుకుని ఆడేవారట. ఇక్కడ ఫ్రిజ్ అట్ట ఉంటే అమ్మలు అటకెక్కిస్తారు, ఇవ్వరు. షెడ్డులో సిమెంటు నేల గరుకు. వారం తిరక్కుండా మోచేతులు దోక్కుపోయాయి. అప్పుడు రత్నం టైర్ల వెనక నన్ను చూసింది.

నన్ను పరిచాక నలుగురూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ప్రెసిడెంటు గారి మొహం మీద గెంతడమా? వెంటనే బోర్లా తిప్పారు. తెల్లటి వీపు మీద మిగతావాళ్ళ ఆట బాగానే సాగింది. రత్నం ఆట వేరు. వాళ్ళ నాన్న మంకీ క్యాప్ పెట్టుకున్న తల నేలకి ఆనించి, కాళ్ళు పైకెత్తి బొంగరంలా తిరుగుతుంది. నా వీపు ఆ టోపీని పట్టేసుకునేది, ఒక చుట్టు తిరిగేసరికి మెడ మెలిపడి కూలబడేది. రెండు వారాలు అలా పడి పడి, మూడో వారం తలుపు గడియ పెట్టి నన్ను వెల్లకిలా తిప్పింది. రంగు వేసిన వైపు నునుపు. ఆ క్యాప్‌కి కంపెనీలో మిగిలిన నైలాన్ ముక్క కుట్టుకుని, సరిగ్గా లక్కునాయుడి బొట్టు మీద తల ఆనించింది. తిరిగింది చూడండీ, నాకే కళ్ళు తిరిగాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. ఈ పిల్ల తలతోనే తల మీద తిరిగింది.

ఒక్కటి చెప్పాలి. ఆడే ముందు ప్రతిసారీ వంగి, నన్ను వేళ్ళతో తాకి, కళ్ళకద్దుకునేది. పరాయి దేశం ఆటైనా అడుగుపెట్టే నేలకి దండం పెట్టుకోవడం వాళ్ళమ్మమ్మ నేర్పిన అలవాటు. అలా లక్కునాయుడికి ఏ కార్యకర్తా పెట్టనన్ని దండాలు తలుపు చాటున పడ్డాయి.

వాళ్ళమ్మకి ఈ ఆటంటే గిట్టదు. “ఆడపిల్ల కాళ్ళు పైకెట్టి తిరగడమేటే? ఒక్క పోటీకి ఎల్లు. గెలిస్తే ఆడుకో. లేదంటే ఆదివారాలు కూడా కంపెనీకే” అని తేల్చి చెప్పింది. రత్నం ఒప్పుకుంది. ఒప్పుకున్న రోజు నా మీద పడుకుని చాలాసేపు ఏడ్చింది. ఈ పిల్లకి మిషను మీద వారమంతా తల వంచుకోవడమే పని. తల ఎత్తేది ఆ తలకిందులుగా నిలబడిన కాసేపే. అది పోతుందేమోనని దానికి ప్రాణం మీదకొచ్చింది.

పోటీ యూనియన్ షెడ్డు ముందున్న ఖాళీ సిమెంటు జాగాలోనే పెట్టారు. నిర్వాహకులు విజయవాడ వాళ్ళు. జాగా ఇచ్చినందుకు ముఖ్య అతిథి ఎవరు? ఇంకెవరు, లక్కునాయుడు గారే. తెల్ల చొక్కా వేసుకుని, బట్టతల తుడుచుకుంటూ వేదిక మీద కూర్చున్నాడు. ఆయన పేరు తెలీక నిర్వాహకులు సాయంత్రమంతా ‘ప్రెసిడెంటు గారు’ అనే పిలిచారు.

అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. పోటీకి పరిచే మ్యాటుని విజయవాడ వాళ్ళు బస్సు డిక్కీలో పెట్టి, దించడం మర్చిపోయారు. అది హాయిగా శ్రీకాకుళం వెళ్ళిపోయింది. సిమెంటు మీద ఆడితే చర్మం ఊడుతుంది, పోటీ ఆపేద్దామన్నారు జడ్జీలు. ఆపేస్తే రత్నానికి ఉన్న ఒక్క అవకాశమూ పోయినట్టే. “మా దగ్గర ఫ్లెక్సీ ఉంది” అంది. తెల్లవైపు పైకి పెట్టి, నాలుగు అంచులూ టేపుతో తనే అతికించింది. నేను లక్కునాయుడి మొహాన్ని నేలకి అదిమిపెట్టి ఊపిరి బిగబట్టుకున్నాను.

తెల్లవైపున తలతో తిరిగే పని పెట్టుకోకుండా, అడుగులతోనే నెట్టుకొచ్చి ఫైనల్‌కి చేరింది రత్నం. ఎదురుగా విజయవాడ కుర్రాడు. ఈ ఆటలో అందరికీ ఒక కొత్త పేరుంటుంది, వాడి పేరు బ్లేడు. వాళ్ళమ్మ పెట్టిన పేరు సుబ్రహ్మణ్యం. మన పిల్ల మాత్రం అమ్మవారు నూకాలమ్మ పేరిట పెట్టిన నూకరత్నమే ఉంచుకుంది. చెరో రెండుసార్లు ఆడాలి. మొదటిసారి బ్లేడు ఒంటి చేతి మీద నిలబడి, గాల్లో కాలు మీద కాలేసుకున్నాడు. జనం ఈలలేశారు. అడుగులతో వీణ్ణి గెలవడం కాదని రత్నానికి తెలిసిపోయింది. తెగించి తల ఆనించింది. నా వీపు పాడుగాను, టోపీని మళ్ళీ పట్టేసింది. ఒకటిన్నర చుట్టుకే పక్కకి కూలిపోయింది. జనంలో వాళ్ళమ్మ తల దించుకుంది.

రెండోసారి బ్లేడు ఆడేసి పక్కకి తప్పుకున్నాడు. ఇక రత్నం వంతు. నన్ను తిప్పితే ప్రెసిడెంటు గారికి కోపమొచ్చి షెడ్డు పోతుంది, తిప్పకపోతే పోటీ పోతుంది. ఎటు చూసినా ఆటే పోతుంది. రత్నం వాళ్ళ నాన్న వైపు చూసింది. పైడిరాజు వచ్చి ఒక పక్క టేపు తనే పీకాడు. తండ్రీ కూతురూ కలిసి నన్ను వెల్లకిలా పరిచారు.

గాజువాక వాళ్ళంతా వేదిక వైపు తిరిగారు. లక్కునాయుడు మెడ చాచి చూశాడు. గులాబీల దండ, దీపాలు, తన మొహం. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. రత్నం వంగి నన్ను తాకి కళ్ళకద్దుకుని, తల ఆనించింది.

అప్పుడు పోటీకి వ్యాఖ్యానం చెబుతున్న మైకు అబ్బాయి నన్ను చదివాడు. విజయవాడ వాడు, లక్కునాయుడెవరో ఎరగడు. ఆ ఒత్తు జుట్టుకీ వేదిక మీది బట్టతలకీ చుట్టరికం ఉందని వాడే కాదు, దేవుడు కూడా పోల్చలేడు. వాళ్ళ ఆటలో పోయినవాళ్ళ పేరు తలుచుకుని ఆడటం ఒక మర్యాద. గొంతు బరువు చేసుకుని, “ఈ రౌండ్ స్వర్గీయ లక్కునాయుడు గారికి అంకితం. దయచేసి అందరూ లేచి ఒక నిమిషం మౌనం పాటించండి” అన్నాడు. పాట ఆగిపోయింది.

బయటివాళ్ళంతా లేచారు. స్థానికులు నవ్వు ఆపుకోలేక నోళ్ళకి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని లేచారు. అందరికంటే ముందు లేచింది ఎవరో తెలుసా? లక్కునాయుడు. మౌనం అన్న మాట వినబడితే లేచి చేతులు కట్టుకోవడం పదేళ్ళుగా ఆ కాళ్ళకి అలవాటు. లేచాక గానీ తెలీలేదు ఆ మౌనం తనకేనని. ఇప్పుడు అరిస్తే తన సంతాపం తనే చెడగొట్టుకున్నట్టు. కట్టుకున్న చేతులతోనే తల వంచాడు.

ఆ నిశ్శబ్దంలో రత్నం తిరిగింది. పాట లేదు, ఈల లేదు. నైలాన్ ముక్క నా మీద రాసుకుంటున్న చప్పుడు ఒక్కటే. పది చుట్లు. పదిహేను. బొట్టు చెరిగి దాని తలకి వేడి తగలడం నాకు తెలుస్తోంది. నాకు నొప్పి పుట్టింది, అబద్ధం ఎందుకు, గర్వం కూడా కలిగింది. ఇరవయ్యో చుట్టుకి నెమ్మదించి, అలా తల మీదే నిలిచి, వేదిక వైపు రెండు చేతులూ జోడించింది. తలకిందులు నమస్కారం.

ముగ్గురు జడ్జీల చేతులూ రత్నం వైపే లేచాయి. వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి టోపీ తీసి, నెత్తి కందిపోయిందేమోనని తడిమింది. తడిమిన చెయ్యి తియ్యలేదు.

లక్కునాయుడు వేదిక దిగి వచ్చాడు. జనం దారిచ్చారు. “ఏటమ్మీ, నా నెత్తి మీద కాలెట్టీసినావా?” అన్నాడు.

“కాలు కాదు బాబాయ్. నా నెత్తే ఎట్టాను” అంది రత్నం.

ఆయన నా పక్కన చతికిలబడ్డాడు. బొట్టు ఉన్న చోట తెల్లటి గుండ్రం పడింది. దాన్ని వేలితో రాశాడు. “ఆ రోజు కూడల్లో ఒచ్చినోళ్ళంతా, నేను బతికున్నానని మొహాలు ముడుసుకుని ఎల్లిపోనారు పైడిరాజూ. ఇంటికెల్లి ఏడిసీసినాను. ఇయ్యాళ ఇంతమంది నిలబడ్డారు” అన్నాడు. కళ్ళు తుడుచుకుని లేస్తూ, “నిజంగా పోయిన రోజు కొత్తది కొట్టించకండి. దీన్నే కట్టండి. అందాకా ఈ పిల్ల దగ్గరే ఉంచండి” అన్నాడు.

ఇప్పుడు నాకు షెడ్డులో సొంత మేకు ఉంది. ఆదివారం ఆదివారం దిగి నేల మీద పడుకుంటాను. తలుపు గడియ పెట్టే పని లేదు. లక్కునాయుడు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని టీ గ్లాసుతో కూర్చుంటాడు. నా మీద ఆయన నుదురంతా చెరిగిపోయింది, జుట్టు సగం పోయి ఇప్పుడు అచ్చం ఆయనలాగే ఉన్నాను. మొన్న ఎడమ కనుబొమ్మ కూడా రాలింది. ఈ లెక్కన ఆయన పోయేనాటికి కట్టడానికి మొహం మిగలదు. ఆ మాట పైడిరాజు పైకి అన్నాడు కూడా. లక్కునాయుడు టీ ఊదుకుని, నన్నోసారి చూసి, “ఇంకో రెండు చుట్లు తిరుగమ్మీ” అన్నాడు.