ఎనొలేజ్ తిరస్కరించిన నీరు

విద్యార్థిని సువర్ణను పరిశోధన నుంచి తొలగిస్తానని డైరెక్టర్ నాగేశ్వర ప్రకటించినప్పుడు నేను ప్రయోగశాలలోనే ఉన్నాను. జీవరసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నన్ను ఈ ప్రైవేటు కళాశాల సలహాదారుగా పిలిచింది. సలహా అడిగింది మాత్రం తక్కువ.

ఆరోపణ ఒక్కటే: ఎంజైమును ఆమె పాడుచేసింది. మానవ జన్యువును బ్యాక్టీరియాలో చేర్చి తయారుచేసిన ఎనొలేజ్ అది. మన కణాలలో చక్కెర నుంచి శక్తి పుట్టే క్రమంలో దాని పని తప్పనిసరి. మంచులో పెట్టి తెప్పించిన ఆ ఎంజైము ఇప్పుడు దాదాపు పనిచేయడం లేదు.

"ఫ్రీజర్ తలుపు తెరిచిపెట్టి పోయింటావు. ధర్మవరంలో చీరలు నేసుకోక నీకెందుకమ్మా ఇవన్నీ?" అని నాగేశ్వర నవ్వాడు.

నవ్వు ఆధారం కాదు. ద్రావణాలు కలిపిన నీరు ఎక్కడిదని నేను అడిగాను.

అటెండరు తిప్పన్న తల గోక్కున్నాడు. "ల్యాబుకు నీళ్లు కాచి శుద్ధి చేసే మిషను చెడిపోయింది గదా మేడమ్. హాస్టల్ ప్లాంటు నీళ్లు తెచ్చి పోసినా. పిల్లోళ్లు తాగేవే గదా, అంతకంటే మంచి నీళ్లు యాడ ఉండాయి?"

మందుల దుకాణం నుంచి ఇంజెక్షన్లు కలిపే శుద్ధమైన నీరు తెప్పించాను. అదే గొట్టంలోని ఎంజైము ఆ నీటిలో చక్కగా పనిచేసింది. అదే నీటికి సువర్ణ కొద్దిగా ఫ్లోరైడ్ కలపగానే మళ్లీ మందగించింది. ఫ్లోరైడ్ ఎనొలేజ్‌ను అడ్డుకుంటుందని పాఠ్యపుస్తకాలు చెబుతూనే ఉన్నాయి. మన బోర్లలో ఫ్లోరైడ్ ఉందని ఈ జిల్లాలో వంగిన ప్రతి వెన్నెముకా చెబుతుంది. హాస్టల్ ప్లాంటు దానిని తొలగిస్తుందని కళాశాల చెబుతుంది.

నాగేశ్వర తలుపు మూశాడు.

"సరే, నీ తప్పు లేదు. కొత్త ఎంజైము తెప్పిస్తా, నీ సీటు నీకే. హాస్టల్ మాట మాత్రం ఎత్తొద్దు. మేడమ్, మీరైనా చెప్పండి ఆ పిల్లకి."

"చెప్పవలసింది ఆమెకు కాదు, ఆ నీళ్లు తాగేవాళ్లకు," అన్నాను.

సువర్ణ చేతి తొడుగులు విప్పలేదు. "ఆ నీళ్లే నేనూ తాగుతాండా సార్. సీటు మీరే పెట్టుకోండి."

తలుపు తెరిచి హాస్టల్ వైపు వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనుక అమ్మాయిలు బారులు తీరి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో నీళ్ల సీసా.

"ఆ ఎంజైము దీనికోసం కొన్నది కాదు!" నాగేశ్వర అరిచాడు.

"పరిశోధనకే గదా సార్ కొన్నారు? ఇదే పరిశోధన."

అతడు విద్యుత్ స్విచ్చుల వైపు నడిచాడు. నేను నా కుర్చీని అక్కడికి జరుపుకొని, వాటికి వీపు ఆనించి కూర్చున్నాను. ఇంతమంది సాక్షుల ముందు ఈ వయసులో ఉన్న నన్ను పక్కకు లాగలేడు.

సువర్ణ మొదటి సీసా మూత తీసింది. "ఏ గది నీళ్లే ఇవి?" అని ఆ అమ్మాయిని అడిగింది.