రేడియోకెక్కిన దరువు

ఆ ఆదివారం సాయి కుమార్ మా గదికి వచ్చి, చిన్నమ్మ ఇచ్చిన చాయ్ తాగలేదు. గ్యాస్ట్రిక్ అన్నాడు. కుర్చీ వేస్తే దాని మీద చేతిరుమాలు పరిచి కూర్చున్నాడు.

అతను పాత ఉప్పల్ గోపయ్య పటేల్ మనవడు. వాళ్ల పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ఇతనికి కొత్తగా పెడుతున్న ఒక ఎఫ్ఎం స్టేషన్‌లో ఉద్యోగం. మా చిన్నాయన మొగిలయ్య నాచారంలో మందుల కంపెనీలో లోడింగ్ పని చేస్తాడు. పెళ్లిళ్లకు, బోనాలకు, చావులకు డప్పు కొడతాడు. వెనక కొట్టడానికి మా జిల్లా వాళ్లు ఐదుగురున్నారు. నేను ఊళ్లో పదోతరగతి పాసై, ఇంటర్ కోసం వాళ్ల దగ్గరికి వచ్చి అప్పటికి నెల.

"సిటీల నాలుగు స్టేషన్లున్నయి మొగిలన్నా. అందరూ అవే పాటలేస్తరు" అన్నాడు సాయి కుమార్. "మేం బీట్ పాటలే ఏస్తం. ఈ హారన్లల్ల, ఈ మిషిన్లల్ల మాటలెవడింటడు? దెబ్బ వడాలె, అంతే."

"నడుస్తదా మరి?"

"మా బాంబే సారు నడ్వదంటడు. హైదరాబాదోళ్లకు మెల్లగ పాడే పాటలు గావాలెనట. మూడు నెలలు టైమిచ్చిండు. పాటపాటకు నడుమ నీ డప్పు వడితే నడుస్తది."

చిన్నాయన మురిసిపోయాడు. పాత పేపర్లకు నిప్పంటించి ఆ సెగకు డప్పు కాచాడు. పెళ్లి దరువు కొట్టాడు, తర్వాత బోనాల దరువు. సాయి కుమార్ రికార్డింగ్ మిషన్ ముందు పెట్టి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"ఇవి అన్ని సినిమాలల్ల ఉన్నయే. బరువుగ, కడుపుల వడేది లేదా?"

"ఉన్నది గని, అది ఏరే దానికి."

"ఇనిపియ్యరాదు. ఇనుడే గద."

చిన్నాయన చెప్పులు పక్కకు విడిచి, మెల్లగా మొదలుపెట్టాడు. మా ఊళ్లో ఆ దరువు వినపడితే బువ్వ తింటున్నవాళ్ల చెయ్యి ఆగుతుంది. పోయింది ఎవరో తెలిసేదాకా మళ్లీ ముద్ద ఎత్తరు. లోపల గిన్నెలు తోముతున్న చిన్నమ్మ తడిచేతులతో బయటికొచ్చింది.

"ఇంట్ల ఆ దరువేందయ్యా? బుద్ధి ఉన్నదా?"

చిన్నాయన ఆపేశాడు. సాయి కుమార్ హెడ్‌ఫోన్లు తీసి, మంచి కూర తిన్నట్టు పెదాలు నాక్కున్నాడు.

"గిదే" అన్నాడు.

"వద్దు బాబూ. అది సావు దరువు. మనిషి వోతెనే కొడ్తం."

"ఊకె ఇన్ననే. ఫికర్ జెయ్యకు." సంచిలోంచి మూడు కాగితాలు తీశాడు. అంతా ఇంగ్లీషు. "చెల్లె సదువుకున్నది గద. సదివి జెప్పనియ్యి."

నన్ను చదవమని ఒకరు అడగడం అదే మొదటిసారి. మా బడిలో అన్నీ తెలుగులోనే చెప్పేవాళ్లు. అక్షరాలు గుర్తుపట్టాను గానీ వాక్యాలు అర్థం కాలేదు. ఆ మాట ఆ మనిషి ముందు చెప్పలేక, చూపుడువేలు లైన్ల కింద జరుపుతూ చివరిదాకా పోయాను.

"మంచిగనే ఉన్నది సిన్నాయినా" అన్నాను.

ఆయన నా మాట మీద సంతకం పెట్టాడు.

మూడు వారాల తర్వాత కాలేజీకి పోతూ షేర్ ఆటో రేడియోలో ఆ చావు దరువు విన్నాను. మా చిన్నాయన చెయ్యే, పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. దాని మీద ఒక ఆడమనిషి మూలుగు, తర్వాత మగ గొంతు: "ఊపు మామా, ఊపు." పాట అయినప్పుడల్లా అదే వచ్చింది. డ్రైవర్ స్టీరింగ్ మీద వేళ్లతో కొట్టాడు. నా పక్కనున్న ఆమె ఒళ్లో టిఫిన్ డబ్బా ఊగింది. నేను ఉప్పల్ చౌరస్తాకు ముందే దిగి నడిచాను.

పక్క గదిలో పొద్దుటినుంచీ ఆ స్టేషనే. మొదట్లో అది వచ్చినప్పుడల్లా చిన్నమ్మ చెయ్యి కంచంలో ఆగేది. కొన్నాళ్లకు ఆగడం మానేసింది. పప్పు కలుపుకుంటూ, ఆ దరువు వింటూ తినేసింది. నాకు ఆమె నోటివైపు చూడాలనిపించలేదు.

చిన్నాయన ఫోన్ చేస్తే సాయి కుమార్ గట్టిగానే మాట్లాడాడు, నాకూ వినపడేంత.

"ఏ దరువన్న ఏసుకోవచ్చని కాయితం మీద సంతకం వెట్టినవ్ అన్నా. మీ పోరే సదివింది గద."

చిన్నాయన ఫోన్ పెట్టేసి చిన్నమ్మతో అన్నాడు: "పెండ్లికి కొట్టేది పోతే ఇంకోటి కొడ్తం. రేపు ఎవలన్న సస్తే నేనేం గొట్టాలె, కౌసల్యా?"

అదే నెలలో గోపయ్య పటేల్ పోయాడు. ఆయన భార్య బాలనర్సమ్మ కబురు పంపింది, ముసలాయనను మొగిలయ్యే సాగనంపాలని. చిన్నాయన గోడకున్న డప్పు దించి, మళ్లీ తగిలించాడు.

"పోతవా?" అంది చిన్నమ్మ.

"సచ్చినాయన ఏం జేసిండే? పోవాలె."

చిన్నమ్మా నేనూ వెనక నడిచాం. ముందు ఆరు డప్పులు, కొడుకు చేతిలో నిప్పుకుండ, పాడె. పక్కన ఎర్రటి కళ్లతో సాయి కుమార్. చివర ఆటోలో బాలనర్సమ్మ. పాత ఊరి సందుల్లో అంతా సరిగానే నడిచింది. ఆడవాళ్లు వాకిళ్లలో నిలబడి చేతులు జోడించారు.

చౌరస్తాలో నాచారం బస్సు దిగుతున్నవాళ్లు ఎదురయ్యారు. షిఫ్టు అయిపోయిన మగవాళ్లు, చాలామందే.

"అరే, ఎఫ్ఎం దరువురా భాయ్" అన్నాడొకడు. ఇంకొకడు ఈల వేశాడు. నలుగురైదుగురు టిఫిన్ సంచులు భుజానికి వేసుకునే నడుములు ఊపడం మొదలుపెట్టారు. "ఊపు మామా, ఊపు."

చావు దగ్గర తాగి ఎగిరేవాళ్లను నేను మా ఊళ్లో చూశాను. వాళ్లు పోయిన మనిషి పేరు పిలుస్తూ ఏడుస్తూ ఎగురుతారు. వీళ్లు పాడెను చూడనే లేదు.

సాయి కుమార్ వాళ్లను తిడతాడనుకున్నాను. అతను జేబులోంచి ఫోన్ తీశాడు. వాళ్ల బాంబే సారుకు చేశాడు. అదే ఏడుపు గొంతుతో, కాస్త తగ్గించి హిందీలో మాట్లాడాడు.

"సార్, నడుస్తుంది సార్. రోడ్డు మీద ఎగురుతున్నారు. ఒక్కసారి వినండి."

ఫోన్ మా చిన్నాయన డప్పుకు దగ్గరగా పట్టాడు. అతని చెంపలింకా తడిగానే ఉన్నాయి.

ఆటోలోంచి బాలనర్సమ్మ తల బయటపెట్టింది. "ఎవలి పెండ్లయితుందిరా ఈడ?"

ఆ మాట విని చిన్నాయన చిర్ర కింద పడేశాడు. కొట్టే పుల్ల చేతిలో లేకపోతే డప్పు ఒట్టి తోలు. దాన్ని వీపుకు వేసుకుని పక్కకు జరిగాడు. మిగిలిన ఐదుగురూ ఆపేశారు. పాడె నడిరోడ్డు మీద నిలబడిపోయింది, రెండు వైపులా బస్సులు హారన్లు కొడుతున్నాయి.

"కొట్టు మొగిలన్నా, ఏమైంది?" అన్నాడు సాయి కుమార్, ఫోన్ ఇంకా చాచి పట్టుకునే.

"నా తాన ఇంక లేదు బాబూ. నీ తాననే ఉన్నది."

అప్పుడు వినపడింది, రోడ్డు పక్క పాన్ డబ్బా రేడియోలోంచి, అదే దరువు. నేను జనాన్ని తోసుకుంటూ పోయి "జర బందు జెయ్యన్నా" అన్నాను. నా గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. డబ్బాలోని మనిషి నన్ను కిందికీ పైకీ చూసి, సరేలెమ్మని ఆపాడు. ఆ పక్క సెల్‌ఫోన్ల దుకాణంలో అదే మోగుతోంది. దాని అవతల ఆటోలో కూడా.

నిప్పుకుండ పట్టుకున్న కొడుకు కదలమని సైగ చేశాడు. పాడె కదిలింది. మోసే నలుగురి అడుగులూ దుకాణంలోని ఆ మోతకే పడ్డాయి.