హౌగ్లీలో ఇద్దరు ఓలాలు

ఊరి చరిత్ర సంఘం గదిలో, గున్వోర్ తెచ్చిన వంశవృక్షం కాగితం బల్ల పొడవునా పరుచుకుంది. చుట్టుకుపోతున్న అంచుల మీద ఎవరో కాఫీ కప్పులు పెట్టారు. సముద్రపాయ అవతలి ఒడ్డు నుంచి పొద్దున్నే పడవెక్కి వచ్చిందామె. ఊరి చరిత్ర పుస్తకం అచ్చుకు వెళ్లబోతోంది. హౌగ్లీ ఇంటిపేరున్న తమదే హౌగ్లీ కమతమనీ, బాకెన్ వాళ్లు మోసం చేసి కాజేశారనీ అందులో రాయించాలని ఆమె పట్టుదల.

అది తండ్రి తూర్‌స్టైన్ ఉగ్గుపాలతో పోసిన మాట. పడవలో వెళ్లేటప్పుడల్లా కొండవాలున ఉన్న తెల్లని పెద్దింటిని చూపించి, "నేను పుట్టిన ఇల్లు అదే" అనేవాడు. గున్వోర్ వయసులో ఉన్నప్పుడు ఆ ఇంటి కొడుకు ఐవిన్ బాకెన్‌ను చేసుకుంటానంటే, "దొంగల ఇంటికి కోడలివవుతావా? అయితే మళ్లీ ఈ గడప తొక్కకు" అన్నాడు. ఆమె తండ్రి మాటే నిలబెట్టింది. ఆ తర్వాత ఇంకెవరినీ చేసుకోలేదు. ఐవిన్ మాత్రం పెళ్లి చేసుకుని, బళ్లో చరిత్ర చెబుతూ, కమతం చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయాడు. ఇప్పుడు ఆ పుస్తకం పని కూడా అతనిదే.

"ఏం ఐవిన్, సామాన్లు సర్దుకున్నావా? అసలు యజమానురాలు వచ్చేసింది" అంది సంఘం సభ్యురాలు ఓస్‌గెర్డ్, వేడి అట్ల మీద మేకజున్ను తురుముతూ. అందరూ నవ్వారు. గున్వోర్ కూడా నవ్వింది. ఐవిన్ నవ్వలేదు. కళ్లజోడు పైకి తోసుకుని, కాగితం మీద ఒక పేరు దగ్గర వేలు ఆపాడు.

"ఈ ఓలా హౌగ్లీ మీ ముత్తాతేనని ఎలా చెబుతున్నావ్?"

"పేరు అదే. కమతం అదే. కాలం అదే. ఇంకేం కావాలి?"

"అప్పట్లో హౌగ్లీలో ఇద్దరు ఓలాలు ఉండేవాళ్లు గున్వోర్. ఒకాయన ఆసామి. ఇంకొకాయన పైన అడవి అంచున గుడిసెలో పాలేరు. ఇద్దరూ ఓలా హౌగ్లీలే."

"పాలేరుకి ఆసామి ఇంటిపేరు ఎలా వస్తుంది?"

"అప్పుడు పేరు రక్తంతో వచ్చేది కాదు. ఏ కమతంలో బతికితే ఆ పేరే. పాలు పితికే పిల్లకైనా అంతే. చోటు మారితే పేరూ మారేది. ఆ ఆసామి మనవడు ఈ కమతాన్ని మా తాతకి అమ్ముకుని పట్నం వెళ్లిపోయాడు. అప్పటికి పేర్లు మార్చొద్దని చట్టం వచ్చేసింది కాబట్టి మేం బాకెన్లుగా మిగిలాం. ఓ పదేళ్ల ముందు కొనుంటే నేనూ హౌగ్లీనే."

"మీ వైపు మాట నువ్వు చెప్పుకోవా మరి!"

"నా మాట నమ్మకు. మీ ముత్తాత పెద్దబిడ్డ బాప్తిస్మం దగ్గర, చర్చి పుస్తకంలో తండ్రి పేరేమని రాశారో చూశావా?"

"చూశాను. ఓలా మోయెన్ అని ఉంది. భార్య పేరు మా ముత్తవ్వదే, కానీ ఇంటిపేరు వేరని పక్కన పెట్టేశా..." అంటూండగానే గున్వోర్‌కి అర్థమైంది. మోయెన్ అంటే కొండ వెనకున్న ఇంకో కమతం. అక్కడ పని మానేసి ఇక్కడ పనికి వచ్చిన మనిషిని, వేరేవాడనుకుని తనే చెరిపేసింది. ఆసామి తాతముత్తాతలను తెచ్చి తన కొమ్మకు అంటుకట్టుకుంది.

ఓస్‌గెర్డ్ ఒక అట్టు ఆమె ముందు పెట్టి వెళ్లింది.

గున్వోర్ ఇంటికి వచ్చేసరికి తూర్‌స్టైన్ వంటింట్లో ఉప్పుచేప శుభ్రం చేస్తున్నాడు.

"ఒప్పుకున్నారా?" అన్నాడు తలెత్తకుండా.

"నాన్నా, నువ్వు ఏ ఇంట్లో పుట్టావు?"

"తెల్లింట్లో. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అడవి అంచున గుడిసె ఎవరిది మరి?"

కత్తి ఆగింది. "ఆ బాకెన్ గాడు చెప్పాడా?"

"నువ్వు చెప్పు."

తూర్‌స్టైన్ చేపను పక్కకు నెట్టాడు. "బళ్లో నన్ను పేరుతో పిలిచినవాడు లేడమ్మాయ్. పాలేరు పిల్లాడా అనేవాళ్లు. ఈ ఒడ్డుకి వచ్చాక, హౌగ్లీ అంటే జనం గౌరవంగా టోపీ తీశారు. ఆ హౌగ్లీవేనా అనడిగితే అవునన్నాను. అంతే."

అంతవరకూ గున్వోర్ క్షమించగలిగేది. అలాంటి పిల్లాడిని తలుచుకుంటే జాలి కూడా వేసింది.

"ఐవిన్‌ని ఎందుకు కాదన్నావ్?"

తూర్‌స్టైన్ మళ్లీ కత్తి అందుకున్నాడు.

"దొంగలెవరూ లేరుగా నాన్నా. ఎందుకు కాదన్నావ్?"

"పెళ్లంటే వాళ్ల తాత వచ్చి బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుంటాడు. మేం ఎవరమో ఆయనకి తెలుసు. నలుగురిలో అనేస్తే?"

గున్వోర్ ఇన్నేళ్లూ ఆ తెల్లిల్లు కనబడినప్పుడల్లా, మనవాళ్ల న్యాయం కోసం ఒక మనిషిని వదులుకున్నానని గుండె దిటవు చేసుకునేది. వదులుకున్నది ఒక పూట విందులో ఈయన తల దించుకోకుండా ఉండటానికి.

"ఈ సంగతి రాయించడానికి నేను పోయేదాకా ఆగు," అన్నాడు తూర్‌స్టైన్. "తర్వాత నీ ఇష్టం. నిన్ను ఇంకేం అడగను."

ఆమె గోడకున్న ఫోను తీసింది. ఐవిన్ భార్య పలికింది. ఆయన పశువుల కొట్టంలో ఉన్నాడని, ఏమైనా చెప్పాలా అని అడిగింది.

"చెప్పండి. మీవాళ్లు మోసం చేశారని నేను రాసిచ్చింది కొట్టేయమనండి. మా నాన్న పుట్టింది హౌగ్లీ పాలేరు గుడిసెలో. అలాగే అచ్చు వేయమనండి."

"గున్వోర్!" అన్నాడు తండ్రి వెనక నుంచి.

అవతల ఆవిడ ఏదో మెత్తగా అంది. పాతకాలపు సంగతులు, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయని కాబోలు.

"పొరపాటు నాది మాత్రమేనండీ," అంది గున్వోర్. "మా నాన్నకి మొదటి నుంచీ తెలుసు."