గడ్డం కింద ఎండ

సెలూన్ కుర్చీలో వెనక్కి వాలిన మనిషి నోరు ఏమైనా చెప్పవచ్చు, గడ్డం మాత్రం ఉన్నదే చెబుతుంది. రాత్రి నిద్ర పట్టిందా లేదా, ఇంట్లో గొడవైందా, అరిగిపోయిన బ్లేడుతో గీక్కుంటున్నాడా, అన్నీ నా వేళ్ళకి తెలిసిపోతాయి. ఆ సోమవారం పొద్దున నురగ పూసీ పూయకముందే మా బావ "అమ్మా!" అని కుర్చీలో ఎగిరిపడేసరికి, బ్రష్ పక్కన పెట్టి అతని తల వెనక్కి వంచి చూశాను.

గడ్డం కింద చర్మమంతా ఎర్రగా కమిలిపోయి ఉంది. ముక్కు అడుగున, చెవి తమ్మెల కింద కూడా అదే రంగు.

"నిన్న టోపీ పెట్టుకున్నావా బావా?"

"పెట్టుకోకేం?"

"మరి ఇదేంటి?"

"ఏది? గడ్డం కింద నాకు కళ్ళున్నాయా ఏంటి? నీ అద్దం ఇటు పట్టు." చూసుకుని తనే బిత్తరపోయాడు. "ఒరేయ్, టోపీ తీస్తే ఒట్టు! మీ అక్కతో మాత్రం అనకు."

మా బావ బేకరీలో రాత్రి డ్యూటీ చేస్తాడు. ఊరంతా పడుకున్నాక పిండి పిసికి, తెల్లారేదాకా పొయ్యి ముందు నిలబడి, ఊరు లేచేసరికి ఇంటికొచ్చి కర్టెన్లు వేసుకుని పడుకుంటాడు. వారమంతా సూర్యుడి మొహం చూడని ఆ మనిషి, ఆదివారం మాత్రం గాలం పట్టుకుని రిజర్వాయర్ గట్టు మీద పొద్దుగూకేదాకా కూర్చుంటాడు. బాకీ తీర్చినట్టు వారం ఎండా ఒక్కరోజే నెత్తిన వేసుకుంటాడు. అలా కూర్చోగా కూర్చోగా చెవి పక్కన మచ్చ ఒకటి లేచింది. మానదు, పోదు. చర్మం డాక్టరమ్మ దాన్ని కోసి తీసేసి, "ఇప్పటికి గండం గడిచింది. మళ్ళీ ఎండలో ఇలాగే కూర్చుంటే ఇంకోటి లేస్తుంది. అది ఇంత మంచిది కాకపోవచ్చు" అంది.

ఆ రోజు నుంచి మా అక్క ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. అక్క బట్టలు కుడుతుంది. వెడల్పు అంచు టోపీ ఒకటి కొని, లోపలి గుడ్డ గరుగ్గా ఉందని, జాకెట్ల లైనింగులో మిగిలిన తెల్లటి శాటిన్ ముక్క తీసి అంచు అడుగంతా చక్కగా కుట్టింది. ఆ టోపీ గడప దాటినప్పుడు నెత్తికెక్కితే మళ్ళీ గడప లోపలే దిగాలి. తనిఖీ అధికారిని నేను. "వారం వారం ఆయన మొహం తడిమేది నువ్వే కదరా, ఏం కనిపించినా నాకు చెప్పాలి" అని అప్పగించింది.

చెప్పాను. అక్క పెట్టిన తిండితో పెరిగిన నోరిది, ఆమె ముందు మూసుకోదు.

అక్క మిషన్ ఆపి, బావ గడ్డం పట్టుకుని పైకెత్తి చూసి, తీర్పు చెప్పేసింది. "పడుకున్నారు."

"ఎవరే పడుకుంది?"

"మీరే. గడ్డం కింద ఎండ తగలాలంటే గడ్డాన్ని ఆకాశంకేసి పెట్టాలి. టోపీ తీసి పక్కన పారేసి, వెల్లకిలా పడి, నోరు తెరుచుకుని గురక పెట్టారు."

"నిద్రపోవడానికి అంత దూరం పోవాలా? ఇంట్లో మంచం లేదా?"

"అక్కడ నేనుండను కదా!"

నాకు నవ్వొచ్చింది గానీ అక్క మొహం చూసి మింగేశాను. ఆమె గాలపు కర్రలు తీసుకెళ్ళి గుడ్డల బీరువాలో పెట్టి తాళం వేసింది. "మాట నిలబెట్టుకోలేని మనిషికి గాలం ఎందుకు? ఆ డాక్టరమ్మ కత్తెర పట్టుకున్నప్పుడు బయట బల్ల మీద కూర్చుంది నేను, మీరు కాదు." అంతే, మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఇంటికి పోయానే గానీ మనసు కుదురుగా లేదు. అక్క లెక్క వినడానికి బాగానే ఉంది, ఎక్కడో పోగు తప్పింది. మంగళవారం సెలవు పోయాక, బుధవారం సెలూన్లో కుర్చీ వెనక్కి వాల్చి ఒకాయనకి గడ్డం గీస్తున్నాను. పైన ట్యూబులైటు. వెలుగంతా నుదుటి మీద, ముక్కు మీద, చెంప ఎముకల మీద పడుతోంది. గడ్డం అడుగున మాత్రం చీకటే. అక్కడ కత్తి పెట్టాలంటే తల ఇంకా వెనక్కి వంచాలి, మెడ విరుగుతుందేమోనన్నంత. రోజూ చేసే పనే, ఎప్పుడూ ఆలోచించలేదు.

వెల్లకిలా పడుకున్నవాడికి ముందు కమలాల్సింది నుదురూ ముక్కూ. బావ నుదురేమో రొట్టె ముక్క లోపలి మెత్తనలా తెల్లగా ఉంది!

కత్తి అలాగే పట్టుకుని నిలబడిపోయాను. "గీస్తావా, లేక నన్నిలాగే ఎండబెడతావా?" అన్నాడు కుర్చీలో ఆయన.

సాయంత్రం అక్క దగ్గరికెళ్ళి, "ఒక్క ఆదివారం కర్రలియ్యి. నేనూ వెళ్ళి పక్కనే కూర్చుంటాను. టోపీ తీస్తే నీకు చెబుతాను" అన్నాను.

"దొంగకి కాపలా దొంగ బావమరిదా?"

"నేను నీ తమ్ముణ్ణి ముందు, ఆయన బావమరిదిని తరవాత."

అక్క తాళం చెవి నా చేతిలో పెట్టింది. ఇచ్చేముందు కాసేపు గుప్పిట్లోనే ఉంచుకుంది.

రిజర్వాయర్ చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లగా వెలిసిపోయిన సిమెంటు గట్టు, వాలుగా నీళ్ళలోకి దిగి ఉంటుంది. గాలాలవాళ్ళు దూరం దూరంగా కూర్చుంటారు. వాళ్ళలో గంటల తరబడి ఒంటికాలి మీద బరువేసి నిలబడే పెద్దాయన ఒకడున్నాడు, అందరూ కొంగ అంటారు. నా చేతిలో పెద్ద గొడుగు చూసి, "ఏమయ్యా బేకరీ, గొడుగు పట్టే మనిషిని కూడా పెట్టుకున్నావా? చేపలు లేచి దండం పెడతాయేమో!" అన్నాడు.

"పెడితే బుట్టలో వేసుకుంటాంలే పెద్దాయనా" అన్నాడు బావ.

బేకరీ నుంచి తెచ్చిన పిండిలో నూనె చుక్క కలిపి, చిన్న చిన్న ఉండలు చేసి ఎరగా గుచ్చాడు. గాలం విసిరాడు. బెండు నీళ్ళ మీద నిలబడింది. ఇక అంతే. నేను గొడుగు కింద కూర్చుని బావ టోపీని చూస్తున్నాను, బావ బెండుని చూస్తున్నాడు. పగలంటే అతనికి ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది. పిట్ట ఎగిరితే చూస్తాడు, మబ్బు కదిలితే చూస్తాడు, అవతలి గట్టున ఎవరో బట్టలు ఆరేస్తుంటే అదీ చూస్తాడు. నిద్రా? రెప్ప కూడా వేయలేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. టోపీ అంచు నీడ బావ మొహం మీద, మెడ మీద, భుజాల మీద గుండ్రంగా పడింది. చుక్క ఎండ పడే సందు లేదు. అలాంటప్పుడు ఆ నీడలో ఏదో కదిలింది.

ముందు చెమట అనుకున్నాను. దగ్గరికి జరిగాను. గడ్డం కింద సన్నటి వెలుగు గీతలు, వల విప్పి ఊపినట్టు, అల్లుకుంటూ విడిపోతూ ఆడుతున్నాయి. నీళ్ళలో అల కదిలితే అవీ కదులుతున్నాయి. తల వంచి టోపీ అంచు అడుగుకి చూశాను. అక్కడా అదే ఆట! నీళ్ళ మీంచి, తెల్లటి గట్టు మీంచి లేచిన వెలుగు శాటిన్‌కి తగిలి, తళతళలాడుతూ మళ్ళీ బావ మొహం మీదికే దిగుతోంది. నా సెలూన్లో ముందో అద్దం వెనకో అద్దం పెట్టి మెడ చూపిస్తానే, సరిగ్గా అలాగే.

"బావా! ఎండ కింది నుంచి వస్తోంది!"

"అరవకురా, చేప బెదురుతుంది."

"నువ్వు నిద్రపోలేదు బావా! టోపీ తియ్యలేదు! నీళ్ళే నిన్ను కాలుస్తున్నాయి!" చెయ్యి అతని గడ్డం కింద పెట్టి, అరచేతిలో ఆడుతున్న వెలుగు చూపించాను. అతను దాన్ని చిన్నపిల్లాడిలా చూశాడు. మురిసిపోయాడు. "చూశావా! నేను చెప్పానా! మీ అక్కతో..." అని ఆగిపోయాడు. మురిపెం మెల్లగా దిగిపోయింది.

"మీ అక్కతో చెప్పకు."

"అదేంటి? నిర్దోషివి కదా!"

"నిద్రపోయానంటే తిడుతుంది. తిట్టి తిట్టి అలిసిపోయి, ఈసారి జాగ్రత్త అని పంపిస్తుంది. టోపీ పనికిరాదు, నీళ్ళే కాలుస్తాయి అంటే?" బెండుకేసి చూస్తూ అన్నాడు. "నీళ్ళు లేని చోట చేపలు పట్టమంటుందా? మొత్తానికే మాన్పించేస్తుంది. నాకు పగలనేది ఇదొక్కటేరా."

"ఆ చెవి పక్కన మళ్ళీ లేస్తే?"

బెండు మునిగింది, బావ చూడలేదు కూడా. ఎర పోయింది.

మర్నాడు పొద్దున అక్క ముందు ఇద్దరం నిలబడ్డాం. దారిలో ఏం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు. బావే ముందుకొచ్చి, తల దించుకుని, "నిద్రపోయాను. టోపీ తీసేశాను. తప్పయింది" అన్నాడు.

అక్క నావైపు తిరిగింది. "నిజమేనా?"

నేను నోరు తెరిచేలోపే ఆమె దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. ఆమె వేలు తగలగానే నేనూ "అమ్మా!" అన్నాను.

"ఓహో. నువ్వూ పడుకున్నావన్నమాట. గొడుగు కింద, పక్కపక్కనే, ఇద్దరూ టోపీలూ గొడుగులూ తీసేసి ఆకాశంకేసి గడ్డాలు పెట్టి!"

"లేదక్కా," అన్నాను. ఇక ఆగలేదు. అంతా కక్కేశాను. బావ నన్ను చూసిన చూపుకి మిగిలిన గడ్డం కూడా కమిలిపోయేదే.

అక్క నమ్మలేదు, నమ్మనని కూడా అనలేదు. బేసిన్‌లో నీళ్ళు తెచ్చి, గుమ్మంలో ఎండ పడే చోట పెట్టి, టోపీని దాని మీద పట్టుకుంది. వంగి అంచు కిందికి చూసింది. బేసిన్ని కాలితో కొంచెం కదిపింది. తెల్ల శాటిన్ నిండా వెలుగు గీతలు గిజగిజలాడాయి. మళ్ళీ కదిపింది. ఆమె ముక్కు మీద కూడా వెలుగు ఆడుతోంది.

"తెల్లది కుట్టింది నేనే కదా" అంది చివరికి. చిన్న కత్తెర తీసి కుట్టు విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూనే అడిగింది. "చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకున్నారు?"

"నిజం చెబితే పంపవని."

కత్తెర ఆగింది. "వద్దనేదాన్నేమో. నిజమే" అంది నెమ్మదిగా. "కానీ నాకు తెలియకుండా అక్కడ కూర్చుని కాలిపోవడం ఏ లెక్క? పైగా ఇక్కడ నేనేమో తెలివిగలదాన్నని మురిసిపోతుంటాను." ఇంకో కుట్టు పటుక్కున తెంపింది. కోపంతోనా ఇంకోదానితోనా తెలియలేదు.

"మధ్యాహ్నం పూట కూర్చోను" అన్నాడు బావ. "పొద్దునా సాయంత్రమూ మాత్రమే. నడుమ చెట్ల కిందికి పోతాను. డాక్టరమ్మ ఇచ్చిన క్రీము చేతులకి అంటితే చేప ఎర ముట్టదని మానేశాను. ఇక నుంచి పూసుకుని, అరచేతులు మాత్రం కడుక్కుంటాను."

"క్రీము కూడా మానేశారా?"

బావ నాలిక్కరుచుకున్నాడు. అక్క ఒక్క చూపు చూసి, మెడలోంచి టేపు తీసి, "రండి ఇటు. తల ఎత్తండి" అంది. ముక్కు మీంచి గుండె దాకా కొలిచింది. నల్లటి పలచటి గుడ్డ తీసి మొహానికి పట్టి చూసింది.

"ఊపిరాడదే."

"ఆడుతుంది. పొయ్యి ముందు ఆడట్లా?"

"టీ ఎలా తాగాలి?"

"కిందికి లాగి తాగండి. కదలకండి, పిన్నులున్నాయి."

అతను కదలకుండా నిలబడ్డాడు. ఆమె గుడ్డ మడతలు సరిచేస్తూ, పెళ్ళయినప్పటి నుంచి ఎప్పుడూ అడగనిది అడిగింది. "అవునూ, చేప ఎర పట్టుకుంటే చేతికి ఎలా తెలుస్తుంది? బెండు చూస్తేనా?"

"బెండు తరవాత మునుగుతుంది. చెయ్యే ముందు తెలుసుకుంటుంది" అన్నాడు బావ గుడ్డ లోపలి నుంచి. "ఆ టేపు చివర పట్టుకో. గట్టిగా కాదు, వదులుగా. ఇక నువ్వు వేరే ఎటైనా చూడు."

అక్క గుమ్మం వైపు చూసింది. బావ ఇవతలి చివర పట్టుకుని, అతి మెల్లగా, ఉందా లేదా అన్నట్టు ఒక్కసారి లాగాడు.

"ఆ!" అంది అక్క. "ఇదా?"

"కాదు. అది ఊరికే వాసన చూసి పోయింది. ఆగు."

అక్క ఆగింది.