కొత్తగూడ పోస్టింగు

ఫోను మోగేసరికి రజిత భూపాలపల్లి దగ్గరి చిట్యాలలో తన అత్తగారింటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మొగుడు శ్రీపాల్ "సరే మేడం, సరే మేడం" అంటూ ఫోను పెట్టేసి, చేటలోని చిక్కుళ్లు దోసిట్లోకి ఎత్తి ఆమె తల మీద తలంబ్రాల్లా పోశాడు.

"నౌకరి వచ్చింది పిల్లా! రక్త పరీక్షల ల్యాబుల. పోస్టింగు ఏడనో చెప్పు?"

"ఏడ?"

"కొత్తగూడ!"

రజితకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొత్తగూడ అడవి మండలమైతేనేం, ఆమె పుట్టిల్లు గూడూరుకు దగ్గరే. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. మొగుడికి ఎక్కడ పని దొరుకుతుందో, తననెక్కడ వదిలి పోతాడోనని రోజూ గుబులే. హన్మకొండలో ఇంటర్వ్యూ చేసినవాళ్లు జిల్లాల్లో కూడా బ్రాంచీలు పెడతామన్నారట. ఇక ఇద్దరూ ఒక్క కప్పు కిందే!

సాయంత్రానికల్లా గూడూరు నుంచి ఆమె అక్క మంజుల ఒక ఇల్లు మాట్లాడేసింది. కొత్తగూడ పక్క తండాలో యాకమ్మ అనే పెద్దామెది. ఒకటే గది, ముందు రేకుల వసారా, పక్కన సొరతీగ పందిరి. రజిత అక్క పంపిన ఫోటోలను వేళ్లతో పెద్దవి చేసి చూసి, గోడ గూట్లో అద్దం పెట్టాలని, మంచం వసారాలో వేయాలని తీర్మానించేసింది. చిట్యాల అంగడంతా తిరిగి పోపుల డబ్బాలోకి బుల్లి చెంచా ఒకటి కొనుక్కొచ్చింది.

"చెంచా దొరికింది. ఇగ మన సంసారానికి ఏం తక్కువ?" అని ఏడిపించాడు శ్రీపాల్.

ఆ వారంలోనే కంపెనీ నుంచి లొకేషన్ వచ్చింది. రజిత ఫోను లాక్కుని నొక్కింది. మ్యాపులో నీలం గీత కొత్తగూడ తోవన నర్సంపేట వైపు తిరగలేదు. హన్మకొండ దాటి, జనగామ దాటి పోతూనే ఉంది.

"ఇగో, నీ ఫోనుకు తోవ తెల్వదు! కొత్తగూడకు జనగామ మీదికెల్లి పొమ్మంటుంది!" అంటూ పడీ పడీ నవ్వింది.

శ్రీపాల్ కూడా నవ్వబోయి ఆగిపోయాడు. గీత హైదరాబాదులోకి దూరి, అటు చివర అద్దాల మేడల మధ్య ఆగింది. అక్కడా ఒక కొత్తగూడ ఉంది.

కంపెనీ మేడంకు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"కొండాపూర్ పక్కన కొత్తగూడండీ. మీరేది అనుకున్నారు?"

"మహబూబాబాద్ జిల్లాది, మేడం."

అవతల నవ్వు వినిపించింది. "అడవిలో బ్రాంచి ఎవరు పెడతారండీ? ఎల్లుండి పొద్దున్నే జాయినవ్వండి. లేదంటే ఇంకొకరు రెడీగా ఉన్నారు."

"మా దిక్కు మనుషులకు నెత్తురు లేదా ఏంది?" అంది రజిత. అప్పటికే ఫోను కట్టయింది.

శ్రీపాల్ ఇన్నాళ్లూ భూపాలపల్లిలో, మహబూబాబాద్‌లో ఎక్కని గడప లేదు. ఎక్కడా ఖాళీలు లేవు. పని ఉంటే ఆ మహానగరంలోనే ఉంది.

"నేను గూడ వస్త," అంది రజిత. "నా చెంచా ఆడ పనిజెయ్యదా?"

శ్రీపాల్‌తో చదువుకున్న మహేందర్ ఆ చుట్టుపక్కలే పనిచేస్తున్నాడు. అతనికి ఫోను చేసి రూము సంగతి అడిగింది.

"చెల్లె, గీడ రూము తీసుకుంటే జీతమంత దానికే పోతది. ఇగ ఏం తింటరు? మేం హాస్టల్ల ఉంటం, మంచం మీద మంచం. నా మీది మంచం ఖాళీ అయింది, వాణ్ణి పంపు."

"మీరంటే పెండ్లిగాని పిల్లగాండ్లు, అన్నా."

"ఈ రూముల అందరం పెండ్లైనోళ్లమే, చెల్లె."

రజిత చాలాసేపు గీతను అటూ ఇటూ జరిపింది. వేలు జనగామ దగ్గర ఆగింది.

"గీడ ఉందాం! రైలెక్కి పో, రైలెక్కి రా. ఎంత రాత్రైనా సరే, నిద్రపోయే నీ మొఖమన్న చూస్త."

"పరగడుపున తియ్యాలె రజితా, నెత్తురు. జనం చాయ్ తాగకముందే నేను ఇంటింటికి పోయి తలుపు కొట్టాలె. జనగామ నుంచి ఏ రైలెక్కినా అందుకోలేను."

ఆమె ఫోను బోర్లా పెట్టేసింది. అది వెంటనే మోగింది. యాకమ్మ.

"ఇల్లు అలికిన బిడ్డా, ముగ్గేసిన. ఎప్పుడొస్తరు?"

శ్రీపాల్ వద్దని చెప్పెయ్యమన్నట్టు తలూపాడు. రజిత మొహం పక్కకు తిప్పేసుకుంది. "రేపొస్తం అవ్వా," అంది.

"పిచ్చి లేసిందా నీకు?" అన్నాడు శ్రీపాల్.

"రేపు పొద్దుగాల మొదటి బస్సుకు మన కొత్తగూడ పోదాం. గా పందిరి సొరకాయ కోసి నేను కూర వండుత. వసారాల కూసొని ఇద్దరం ఒక్క పూట తిందాం. తాళం అవ్వ చేతుల పెట్టినంక, నువ్వు నీ కొత్తగూడ బస్సెక్కు."