రంపాల బల్ల మీద నాలుగో చోటు

మా ఇంట్లో ముప్ఫై ఒక్క రంపాలున్నాయి. చేత్తో కోసేవి కావు. పెట్రోలు పోసి తాడు లాగితే వీధి వీధంతా ఉలిక్కిపడేలా అరిచే చైను రంపాలు. అన్నీ ముసలివే, సగానికి పైగా నాకంటే పెద్దవి. మంచం కింద నాలుగు, బీరువా మీద ఆరు, వంటింటి అటక మీద రెండు, మిగతావి వెనక షెడ్డులో. పెళ్ళైన కొత్తలో ఎవరైనా "మీ ఆయన ఏవో పోగేస్తారట కదా, ఏమిటవి?" అని అడిగితే సిగ్గేసి "తపాలా బిళ్ళలు" అని అబద్ధం చెప్పేదాన్ని. ఇప్పుడు సిగ్గూ లేదు, అబద్ధాలాడే ఓపికా లేదు. మంచం కింద ఊడుస్తుంటే చీపురు తగిలి ఠంగుమంటే, "అదిగో, నా సవతి పలికింది" అనుకుని పక్కకి నెడతాను.

మా ఆయన చెట్లు కొట్టే ముఠాకి మేస్త్రీగా ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. పాతబడిందని ముఠా వాళ్ళు మూలన పడేసిన రంపాన్నల్లా ఇంటికి మోసుకొచ్చేవారు. విప్పడం, కడగడం, తుప్పు గీకడం, మళ్ళీ బిగించడం. నా చేతికి కిరోసిను గుడ్డ ఇచ్చి "ఈ ఇంజను రెక్కల మధ్య తుడువు" అనేవారు. తుడిచాను. ఏం చేస్తాను మరి? ముప్ఫై ఏళ్ళు తుడిస్తే ఎవరికైనా పనొచ్చేస్తుంది. పెట్రోలులో నూనె ఎంత కలపాలో, చైను పళ్ళు ఏ వాలులో ఆకురాయి పట్టాలో నాకూ తెలుసు. అది గొప్పకి చెప్పడం లేదు, ఒళ్ళు మండి చెబుతున్నాను.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకో ముగ్గురు దొరికారు ఆయనకి. రిటైరైన పోస్టుమాస్టరుగారు, ఒక వడ్రంగి, ఒక పశువుల డాక్టరు. నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున పదింటికి మా షెడ్డులో కూడతారు. అక్కడ పొడుగాటి బల్ల ఒకటుంది. దాని మీద నలుగురికీ నాలుగు చోట్లు. ఎవరి చోట్లో వాళ్ళు ఒక రంపం పెడతారు. ఏ ఏడాదిది, ఎంత బరువు, ఏ భాగం అసలుది, ఏది మార్చారు అని పెళ్ళిచూపులకి మించి ఆరా తీస్తారు. ఆ తర్వాత అసలు పరీక్ష. మూడు లాగుల్లో ఇంజను లేవాలి. అదీ చల్లని ఇంజను. ఒకసారి వేడెక్కిన ఇంజనుని ఎవరైనా లేపుతారు, అందులో ఏముంది? అందుకని తాడు లాగేముందు మిగతా ముగ్గురూ వరసగా ఇంజను మీద అరచెయ్యి వేసి "చల్లన" అనాలి. అంటేనే పోస్టుమాస్టరుగారు పుస్తకంలో పేరు రాస్తారు. వేడిగా ఉందా, రంపం మీద గుడ్డ కప్పేస్తారు. ఆ రోజుకి అంతే.

ఈ నియమాలన్నీ రాసింది మా ఆయనే. ఇంకోటి కూడా రాశారు మహానుభావుడు. ఎవరైనా రాలేకపోతే వరసగా ఆరు నెలలు సెలవు. ఏడో నెల కూడా రంపం లేవకపోతే బల్ల మీద చోటు పోతుంది, బయట ఎదురుచూసే వాళ్ళకి ఇస్తారు. రెండేళ్ళ కిందట బల్ల మీద ఒక చోటు ఖాళీగా ఉంటే, దానికోసం వచ్చిన ఒక కాంట్రాక్టరు నాలుగు వీధుల అవతల రంపాన్ని కాసేపు నడిపి, వేడి మీదే తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా ఆయన చెయ్యి వేసి చూసి, అతని కళ్ళెదుటే రంపం మీద గుడ్డ కప్పి పంపించేశారు. అతను మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

ఏడు నెలల కిందట మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పోయాయి. కాలు కొంత తిరిగి వచ్చింది. చెయ్యి రాలేదు. మాట అసలే రాలేదు. మాటలు నేర్పే ఆవిడ వారానికి రెండుసార్లు బొమ్మల అట్టలు పట్టుకుని వచ్చేది. పిల్లి బొమ్మ చూపించి "ఇదేంటండీ?" అని అడిగేది. ఆయన గోడకేసి చూసేవారు. ఆవిడ వెళ్ళాక నేను కూర్చునేదాన్ని ఆ అట్టలు పట్టుకుని. "పిల్లి అనండి. పోనీ నీళ్ళు అనండి. పోనీ నన్ను ఒక తిట్టు తిట్టండి, నేనేం అనుకోను." ఊహూఁ. గొంతులోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. స్నానం, తిండి, మందులు, వ్యాయామం, మళ్ళీ అట్టలు. నడుం విరిగిపోయేది. ఒక్కోరోజు అట్టలు చేతిలో ఉండగానే కూర్చున్న చోట నిద్రపోయేదాన్ని.

ఆయన లేచి కూర్చునేది ఒక్క మొదటి ఆదివారమే. ఆ రోజు గడ్డం గీయమని సైగ చేసేవారు. షెడ్డులో కుర్చీ వేస్తే మూడు గంటలు కదలకుండా చూసేవారు. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆరు నెలలూ పోస్టుమాస్టరుగారు ఆయన పేరుకెదురుగా "సెలవు" అని రాశారు. ఏడోది వచ్చేసింది. కలప డిపో యజమాని ఒకాయన పదకొండు రంపాలు పెట్టుకుని ఆ చోటు కోసం కాచుకుని కూర్చున్నాడు.

"నియమాన్ని పక్కన పెట్టేద్దాం చెల్లెమ్మా, మనం మనం రాసుకున్నదే కదా," అన్నారు పోస్టుమాస్టరుగారు. మా ఆయన ఎడమ చెయ్యెత్తి, వద్దని గట్టిగా ఊపారు. అంత మొండితనం ఇంకెక్కడా చూడలేదు నేను. చోటు పోతే ఈయన ఆదివారం కూడా గోడవైపే తిరుగుతారు, ఇక తిరిగి ఇటు చూడరు. నా భయం అదొక్కటే.

సరే, ఎడమ చేత్తో లాగండి అన్నాను. ఆయనకి అన్నింటికంటే ఇష్టమైన రంపం, పద్నాలుగు కిలోల మొద్దు, దాన్ని బల్లకి బిగించాను. రోజూ సాయంత్రం నేను వెనక నిలబడి ఆయన నడుం పట్టుకునేదాన్ని, ఆయన తాడు లాగేవారు. పది లాగులు, పదిహేను లాగులు. దగ్గు తప్ప ఇంజను లేచింది లేదు. ఒకరోజు మాత్రం మధ్యాహ్నమంతా కిటికీ ఎండ దాని మీద పడింది. ఆ సాయంత్రం రెండో లాగుకే లేచింది. నేను చప్పట్లు కొట్టాను. ఆయన ఎండవైపు వేలు చూపించి, ఇది చెల్లదన్నట్టు చెయ్యి ఊపేశారు. చెల్లకపోతేనేం, నాకు దారి దొరికింది.

ఆదివారం పొద్దున ఆయన ఇంకా లేవకముందే షెడ్డులోకి వెళ్ళాను. ఆయన భుజానికి కాపడం పెట్టే వేడినీళ్ళ సంచులు రెండున్నాయి. రెండింటినీ నింపి ఇంజనుకి చెరోవైపూ కట్టి, పైన పాత దుప్పటి చుట్టాను. నీళ్ళు నాలుగుసార్లు మార్చాను. తొమ్మిదిన్నరకి విప్పేసి, పైపైన తడిగుడ్డతో తుడిచాను. పైన చల్లబడుతుంది, లోపల వెచ్చగా ఉంటుంది అనుకున్నాను. ఒకవేళ తెలిసినా, ఈ మనిషిని చూసి బయటపెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ ధైర్యం కూడా లేకపోలేదు.

పదింటికి ముగ్గురూ వచ్చారు. వడ్రంగి తన రంపానికి ఎర్రరంగు కొత్తగా వేసి తెచ్చాడు. డాక్టరు చూసి నవ్వాడు.

"ఏమయ్యా, తాతకి జుట్టుకి రంగేసి తెచ్చావా?"

"మీరు మాత్రం? మీ దానికి పెట్రోలు పంపే సామానంతా కొత్తదే. లోపలంతా మార్చేసి పైన చొక్కా మాత్రం పాతది తొడిగారు," అన్నాడు వడ్రంగి.

"గుండె మార్పించుకుంటే మనిషి మారిపోతాడా?"

"పిడి చూడండి పిడి. ఇదీ అసలు పిడి. బొటనవేలు అరిగిన గుంట కూడా అలాగే ఉంచాను."

మామూలుగా అయితే ఈ మాటలకి మా ఆయన మధ్యలో దూరి ఇద్దరికీ గడ్డి పెట్టేవారు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఎడమ మోకాలు మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు. గడ్డం నున్నగా గీశాను. గళ్ళ చొక్కా కావాలని వేలు చూపించారు, అదే వేశాను. ముగ్గురి రంపాలూ లేచాయి. వడ్రంగిది మొదటి లాగుకి, డాక్టరుది రెండోదానికి, పోస్టుమాస్టరుగారిది మూడోదానికి చచ్చీచెడీ. షెడ్డంతా పొగ.

నాలుగో చోటు. డాక్టరు ముందు చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఆగింది. నావైపు చూశాడు. నేను గోడమీద బల్లిని చూస్తూ నిలబడ్డాను.

"చల్లన," అన్నాడు.

వడ్రంగి చెయ్యి వేసి, "చల్లనే. మంచుగడ్డలా ఉంది," అన్నాడు. నీ అతి తగలెయ్య, ఒక్క మాట చాలదా అనుకున్నాను.

పోస్టుమాస్టరుగారు చాలాసేపు చెయ్యి తీయలేదు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో అతికించిన కవరుని దీపం వైపు పెట్టి కూడా చూడని మనిషి ఆయన. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"చల్లన," అని పుస్తకం తెరిచి కలం మూత తీశారు.

నేను మా ఆయన్ని లేపి బల్ల దగ్గర నిలబెట్టాను. నడుం పట్టుకున్నాను. ఎడమ చెయ్యి తాడు పిడి దాకా వెళ్ళింది. పట్టుకుంది. అంతలో ఏమనిపించిందో, తాడు వదిలేసి ఇంజను మీద అరచెయ్యి ఆనించారు. అలా ఆనించి డాక్టర్ని చూశారు, వడ్రంగిని చూశారు, పోస్టుమాస్టరుగారిని చూశారు. చివరికి మెడ తిప్పి నన్ను చూశారు.

"వేడి," అన్నారు.

ఎవ్వరం తలెత్తలేదు. డాక్టరు తన బూట్లు చూసుకున్నాడు. వడ్రంగి ముఖం తన రంపం రంగులోకి తిరిగింది. దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లల్లా ఉన్నాం నలుగురమూ. నా చెవుల్లోంచి ఆవిర్లు వస్తున్నాయి.

"అది ఎండ వేడి అయ్యుంటుందండీ," అన్నారు పోస్టుమాస్టరుగారు మెల్లగా.

షెడ్డులో ఎండ లేదు. బయట పొద్దుటినుంచి మబ్బు. మా ఆయన ఆ మాట పట్టించుకోకుండా పుస్తకం వైపు వేలు చూపించారు. రాయమని. పోస్టుమాస్టరుగారు కదల్లేదు. ఆ వేలు కూడా కదల్లేదు. చివరికి పెద్దాయన ఆయన పేరుకెదురుగా "వేడి" అని రాశారు. మా ఆయన గుడ్డ అందుకుని ఒక్క చేత్తోనే రంపం మీద కప్పడం మొదలుపెట్టారు. అటు లాగితే ఇటు జారుతోంది.

నాలో ఏదో పుటుక్కున తెగింది. నెల రోజులు నా నడుం ఆనించి లాగించాను. చీకటితోనే లేచి నీళ్ళు కాచాను. ముగ్గురు పెద్దమనుషుల చేత అబద్ధం ఆడించాను. అంతా ఎవరి కోసం?

"అంత సత్యహరిశ్చంద్రుడి పోజెందుకండీ?" అని అరిచాను. "వాళ్ళు ముగ్గురూ ఒప్పుకున్నారు కదా! మీకేం పట్టింది? ఆ నోరు కాస్త మూసుకుని ఉంటే మీ సొమ్మేం పోయేది?"

వడ్రంగి నావైపు వింతగా చూస్తున్నాడు.

"ఏ నోరు వదినా?" అన్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. పోస్టుమాస్టరుగారి చేతిలోంచి కలం జారి బల్ల మీద దొర్లింది. డాక్టరు మా ఆయన నోటి వంకే చూస్తున్నాడు. ఏడు నెలలు. ఆ బొమ్మల అట్టలు, ఆ పిల్లి, ఆ నీళ్ళు. ఒక్క మాట కోసం నేను మొక్కని దేవుడు లేడు. ఆ మాట వస్తే, నలుగురం అక్కడే ఉండి కూడా, తీర్పు విన్నాం తప్ప గొంతు వినలేదు. పైగా నోరు మూసుకోమన్నాను.

ఆయన ఇదేదీ గమనించే ధ్యాసలో లేరు. గుడ్డ అంచు ఎడమచేత్తో సర్దుకుంటున్నారు.

మళ్ళీ ఒక్కసారి అనండి అని అడుగుదామనుకున్నాను. నా నోరు పెగల్లేదు.